ఫ్లోరీ, గ్లోరీ, గౌరీ

ఈ ప్రయాణాన్ని ఇప్పుడే కాగితం మీద పెట్టకపోతే, రేపు ఏ విదేశీ విశ్వవిద్యాలయం నుంచో ఒక పెద్దమనిషి గ్రాంటు తీసుకుని, ఇనుప గనుల ఊరైన కిరండూల్‌లో దిగుతాడు. నేను తిన్న ఎర్రదుమ్ములో పదోవంతు తిని పుస్తకం రాసేస్తాడు. అందులో గౌరి అనే పేరుకు పది పేజీల తత్వార్థం ఉంటుంది. అది తప్పని నేను ఉత్తరం రాస్తే ఎవరూ అచ్చు వెయ్యరు. కాబట్టి ముందు నేనే రాస్తున్నాను.

“ఓపెన్ అప్, ఫ్లోరీ” అని ఒక పాత రాక్ అండ్ రోల్ పాట ఉంది. దాని మీద విశాఖపట్నంలో మా పేట గ్రంథాలయంలో రెండు పుస్తకాలు ఉన్నాయి. రెండూ చదివాను. లైబ్రేరియన్ ఒకదాన్ని భూగర్భశాస్త్రం అలమరాలో పెట్టాడు. అట్ట మీద “రాక్” అని ఉందిగదా అన్నాడు. ఒకరి పాటను మరొకరు తిరిగి పాడితే దాన్ని కవర్ అంటారు. ఈ పాట మొదట పాడిన నల్లజాతి గాయకుడికి పేరు మిగిలింది. ఆ తరవాత జుట్టు నున్నగా దువ్వుకుని పాడిన తెల్ల కుర్రాళ్లకు డబ్బు మిగిలింది. ఇంగ్లండులో దాన్ని కోపంగా పాడారు, జర్మనీలో కవాతులా పాడారు, కలకత్తా హోటల్లో సూపుకీ పులావుకీ మధ్య పాడారు. మన సినిమా సంగీత దర్శకుడొకాయన ఆ బాణీ తనకు కలలో వినిపించిందన్నాడు. ఆయనకు కలలో కూడా విదేశీ రేడియో బాగా పట్టేది.

ఇవన్నీ సేకరించి ఒక క్యాసెట్ మీద ఎక్కించుకున్నాను. ఇక తెలుసుకోవలసింది ఏమీ లేదని అనుకుంటూ ఉండగా, గూడ్సు బళ్ల గార్డుగా పనిచేసే నా స్నేహితుడు అప్పారావు వచ్చి, “కిరండూల్‌లో మనవాళ్లు నీ పాటే పాడతారు గురూ, కాకపోతే ఏడుస్తూ పాడతారు” అన్నాడు.

ఆ పాటను ఏడుస్తూ పాడటం సాధ్యం కాదు. జీతాల రోజు రాత్రి తాగొచ్చిన కుర్రాడొకడు ఫ్లోరీ అనే పిల్ల తలుపు బాదుతూ, తెరవమని బతిమాలే పాట అది. రెండున్నర నిమిషాల్లో అయిపోతుంది. ఏడవటానికి వ్యవధి ఎక్కడుంది? అయినా గార్డు మాట కొట్టిపారెయ్యలేక, గురువారం పొద్దున్నే కిరండూల్ పాసింజరెక్కాను.

రైలు తెల్లవారగానే బయల్దేరుతుందని టైంటేబుల్లో ఉంటుంది. రైలు ఆ పుస్తకం చదవలేదు. నా దారిన వెళ్లదలచిన వారికి ఒక సలహా: కుడివైపు కిటికీ పట్టుకోండి, అరకు దాకా లోయలన్నీ అటే ఉంటాయి. నాకు ఎడమవైపు దొరికింది, కొండరాళ్లు చూశాను. అది కూడా కాళ్లు ఎత్తి పెట్టుకుని చూడవలసి వచ్చింది. ఎందుకంటే నా సీటు కింద దుప్పట్లో చుట్టిన పాలరాయి పలక ఒకటి ఉంది.

దాని తాలూకు మనిషి ఎదుటి సీట్లో కూర్చుంది. అరవై దాటిన వయసు, తెల్ల చీర, చేతిలో బైబిలు, దాని మీద తమలపాకుల పొట్లం.

“కాలు తగలకుండా సూసుకో బాబూ. మా ఆయన పేరున్నాది దాని మీద” అంది.

ఆవిడ పేరు కరుణమ్మ. వాళ్లది చీపురుపల్లి దగ్గర పల్లె. భర్త శాంతరాజు ఈ లైను వేసిన కొత్తలో కిరండూల్‌కి సిగ్నల్ మీటలు లాగే కేబిన్‌మాన్‌గా వచ్చి, అక్కడే రిటైరై, అక్కడే పోయాడు. ఏడాదయింది. ఆదివారం నాడు సమాధి మీద ఈ రాయి నిలబెట్టి జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుంటున్నారు. రాయి అక్కడే చెక్కించవచ్చు కదా అన్నాను.

“అక్కడోలు హిందీలో సెక్కుతారు. శాంతరాజుని సాంత్‌రాజ్ సేసీసేరు. సచ్చినోడికి పేరైనా సరిగ్గుండొద్దేటి?”

ఇంతకీ నువ్వెందుకొస్తున్నావని అడిగింది. పాటల మీద పరిశోధన అన్నాను. మాట వినగానే ఆవిడ కళ్లు వెలిగాయి. ఎందుకో అప్పుడు చెప్పలేదు. పాట వినిపించమంది. టేప్ రికార్డర్లో అసలు ఫ్లోరీని పెట్టాను. బొర్రా దగ్గర ఒక సొరంగం దాటే దాకా విని, “ఏటి బాబూ ఇది, గిన్నెలు మెట్ల మీంచి దొర్లిపడినట్టు” అని కళ్లు మూసుకుంది. అమెరికా సంగీత విమర్శకుడొకాయన ఇదే మాట పుస్తకంలో నాలుగు పేజీల్లో చెప్పాడు.

అరకులో పనసతొనలు, ఉడికించిన చిలగడదుంపలు దొరికాయి. కోరాపుట్ తరవాత టీ తప్ప ఏమీ దొరకదు, ఆ టీ కూడా దొరకకపోతే మంచిది. కవర్లు ఒకటొకటిగా పెట్టెలో అందరికీ వినిపిస్తూ వచ్చాను. ఎవరూ అడగలేదు గాని వినాలి కదా. జగదల్‌పూర్ చేరేసరికి సాయంత్రమైంది. అక్కడ సమోసాల పొట్లంతో ఒక లావాటి మనిషి ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. పేరు తివారీ. బచేలీలో గనుల బళ్లు బాగుచేసే మెకానిక్కు. కిరండూల్ దుర్గాపూజ పందిట్లో ఏటా భజన పాడేది తనేనని సమోసా అయ్యేలోగా చెప్పేశాడు. నేను మళ్లీ అసలు పాట పెట్టాను.

అప్పుడు జరిగింది చెప్పాలి. పొద్దుటినుంచి వాయించిన బ్యాటరీలు నీరసించాయి. కాక్లూర్ దాటాక పాట వేగం తగ్గింది. గాయకుడి గొంతు బొంగురుపోయి, లోతుకు దిగి, నూతిలోంచి ప్రవక్త మాట్లాడుతున్నట్టు వచ్చింది. గిటార్లు గంటల్లా మోగాయి. నేను సిగ్గుపడి ఆపబోయాను.

కరుణమ్మ దిగ్గున లేచి కూర్చుంది. కళ్లు తెరవకుండానే పాడింది:

“ఓపెన్ అప్, గ్లో... రీ... తెరువుము ద్వారము, దినము ముగిసెను, బడలి వచ్చితి నా తండ్రీ...”

అక్షరం జారకుండా, తాళం తప్పకుండా, టేపుతో పాటు పాడింది. రెండో చరణానికి తివారీ సమోసా పక్కన పెట్టాడు. చేతులు జోడించి అందుకున్నాడు:

“ఓపెన్ అప్, గౌ... రీ... ద్వార్ ఖోలో గౌరీ మా...”

ఇద్దరూ కలిసి ఒక చరణం పాడారు. ఆ తరవాత ఒకరినొకరు విన్నారు.

“అరె, మాతాజీ! యే తో హమారా భజన్ హై!” అన్నాడు తివారీ.

“నీ భజనేటి? ఇది మా ఆయన కట్టిన కీర్తన! నువ్వు ఇనిస్టూట్ కిటికీ కాడ నిలబడి ఇన్నావు, నానెరగనా?”

“మైఁ తో టికెట్ లేకే అందర్ బైఠా థా. డబ్బులిచ్చి విన్నా అమ్మా, కిటికీ దగ్గర కాదు.”

ఈలోగా టేపు ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. నేను రెండు పుస్తకాల పరిజ్ఞానంతో కరుణమ్మను ప్రశ్నలడిగితే సంగతి తేలింది. రైల్వే ఇన్‌స్టిట్యూట్లో అంటే ఉద్యోగుల క్లబ్బులో ఒకే రికార్డు ప్లేయరు ఉండేది. పెద్ద రికార్డులు నెమ్మదిగా తిరగాలి, చిన్నవి జోరుగా తిరగాలి. ఆ ప్లేయరు మీట నెమ్మది వైపే బిగుసుకుపోయింది. ఉన్న ఒకే ఒక చిన్న రికార్డు ఫ్లోరీది; ఎవరో ఇంజనీరు బదిలీ మీద వెళుతూ వదిలేశాడు. ఊరంతా దాన్ని ఏళ్ల తరబడి ఆ నడకలోనే విన్నారు. పాట అంటే అలాగే ఉంటుందనుకున్నారు. సాగదీసిన ఫ్లోరీని రైల్వే క్రైస్తవులు గ్లోరీ అని విన్నారు, గనుల హిందువులు గౌరీ అని విన్నారు. యూనియన్ వారికి పేరుతో పని లేదు. గని గేటు ముందు బైఠాయించినప్పుడు “ఓపెన్ అప్” ఒక్కటే పాడేవారని తివారీ చెప్పాడు. ప్రపంచంలో ఇన్ని దేశాలు ఈ పాటకు బట్టలు మార్చాయి గాని, దేవుళ్లను ఇచ్చింది కిరండూల్ లైనొక్కటే.

ఉబ్బితబ్బిబ్బయి ఈ మాటే పైకి అన్నాను. కరుణమ్మ నవ్వలేదు.

“ఈడు పందిట్లో పాడబట్టే గదా బాబూ మా కొంప మునిగింది” అంది.

శాంతరాజు ఆ కీర్తన కట్టింది భూస్థాపనల కోసం. ఊళ్లో ఎవరు పోయినా సమాధుల దొడ్డిలో మొదట గొంతెత్తేది ఆయనే. ఆయన పోవడానికి నెల ముందే కొత్త పాస్టరు వచ్చాడు. వచ్చిన వారానికి దుర్గాపూజ. పందిరి ముందు నుంచి సైకిల్ మీద వెళుతూ ఆ బాణీ విని, తన గుళ్లో పాడేదీ అదేనని తెలుసుకుని, మూలం తేలేదాకా ఆ కీర్తన పాడకూడదన్నాడు.

“ఊరందర్నీ ఆ పాటతో సాగనంపినాడు బాబూ. ఆయన్ని మాత్రం పాట నేకుండా కప్పెట్టీసినారు. మట్టి పడిన సప్పుడు ఒకటే ఇన్నాను. ఈ ఆదోరం రాయి కాడ పాడాల. ఇప్పుడు కాకపోతే మరింకెప్పుడూ నేదు. నువ్వు పాటలు సదువుకున్నోడివి, పాస్టరయ్యగారితో ఓ మాట సెప్పు.”

తివారీ సమోసాలు పొట్లం కట్టేసి కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. బచేలీలో దిగేటప్పుడు, “మాతాజీ, ముఝే మాలూమ్ నహీఁ థా” అని, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. తనకు తెలియదన్నాడు, నిజమే. తెలిస్తే మాత్రం దుర్గమ్మకు వేరే పాట ఎక్కడ తెచ్చేవాడు?

బచేలీకీ కిరండూల్‌కీ మధ్య పెట్టె దాదాపు ఖాళీ అయింది. అప్పుడు కరుణమ్మ నెమ్మదిగా అడిగింది.

“ఇంగిలీసులో ఆడేటంటన్నాడు బాబూ? ఉన్నదున్నట్టు సెప్పు.”

చెప్పాను. గ్లోరీ కాదు ఫ్లోరీ అన్నాను. ఒక పిల్ల పేరు. జీతం తీసుకుని, తాగి, వానలో తడిసి వచ్చిన కుర్రాడు తలుపు కొడుతుంటాడు. లోపల వాళ్ల నాన్న కేకలేస్తుంటాడు.

ఆవిడ పొట్లం విప్పి, తమలపాకు ఒకటి తీసి ఈనె గిల్లింది. తరవాత, “తీసిందేటి?” అంది.

“పాట అయ్యేదాకా తియ్యలేదు.”

“బుద్ధున్న గుంటే.” ఆకు మడిచి బుగ్గన పెట్టుకుని అంది: “మా ఆయన తాగీవోడు కాడు. నైట్ డ్యూటీ దిగొచ్చి, పిల్లలు లెగుస్తారని ఒక్కసారే కొట్టీవోడు తలుపు. నానేమో మొద్దునిద్దర. తెల్లారి తీసేసరికి గుమ్మం మీద కూకుని నిద్దరోతా ఉండీవోడు. ‘తియ్యే కరుణా అన్నాను, ఇన్నావు కాదు’ అనీవోడు.”

రాయి దింపడానికి ఇద్దరు కూలీలు కావలసి వచ్చారు. దిగాక ఆవిడ నా చెయ్యి పట్టుకుని, “అయ్యగారికి అబద్దం సెప్పొద్దు బాబూ, పాపం. అలాగని అంతా సెప్పీయకు” అంది. ఏ గ్రంథాలయంలోనూ నాకు ఇంత కష్టమైన పని ఎవరూ అప్పగించలేదు.

కిరండూల్‌లో నా బస, స్టేషన్ దగ్గరి లాడ్జిలో. బకెట్టు, మగ్గు, గోడ, తువ్వాలు అన్నీ ఒకే ఎరుపు. కొళాయి నీళ్ల రంగు చూసి తుప్పా అనడిగితే, మేనేజరు గర్వంగా, “ఇనుము సాబ్. ఒంటికి మంచిది” అన్నాడు. ఉదయం అటుకుల పోహా, జిలేబీ తినండి. ఇడ్లీ అడగకండి, ఇస్తారు.

శుక్రవారం ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లాను. సెక్రటరీ పట్నాయక్ గారు పెద్దమనిషి. రికార్డు ప్లేయరు ఎక్కడని అడిగితే క్యారమ్స్ బల్ల కింద చూపించారు. మీట నిజంగానే నెమ్మది వైపు తుప్పు పట్టి ఉంది. ఎందుకు బాగుచేయించలేదని అడిగాను. “బాగుచేయించమని కాగితం పెట్టాం సార్. మీట పనిచేస్తున్నదా లేదా అని రాసి పంపమన్నారు. ఒక వైపు పనిచేస్తున్నది అని రాశాం. పనిచేస్తున్న వస్తువుకు రిపేరు ఉండదన్నారు” అని చెప్పారు. రికార్డు సగానికి విరిగింది. ఒక ముక్క అద్దం కింద పెట్టి, “పూర్వపు భక్తి సంగీతం” అని చీటీ అంటించారు. నేను దిద్దలేదు.

శనివారం పదింటికి పాస్టరుగారి వరండాలో హాజరయ్యాం. కరుణమ్మ మూల కుర్చీలో కూర్చుంది. పాస్టరు ఆశీర్వాదం గారికి ముప్పై ఏళ్లుంటాయి. తెల్ల చొక్కా, ఆ ఊళ్లో నిజంగా తెల్లగా ఉన్న చొక్కా నేను చూసింది అదొక్కటే.

“సహోదరుడా, పాట ఏ మూలములో నుండి వచ్చినదో అది ముఖ్యము. చెరువు మురికిదైతే చెంబు వెండిదైనా ఏమి ప్రయోజనము? వినిపించండి” అన్నారు.

బజారులో కొత్త బ్యాటరీలు కొన్నాను. పాతవి కూడా జేబులో ఉన్నాయి. పాతవి వేస్తే కీర్తన వస్తుంది, కొత్తవి వేస్తే ఫ్లోరీ వస్తుంది. కరుణమ్మ వంక చూశాను. ఆవిడ కొత్త బ్యాటరీల వైపు గడ్డం ఆడించింది. వేశాను.

ఫ్లోరీ పూర్తి జోరుతో వరండాలోకి దూకింది. గోడ మీది కోడి ఎగిరిపోయింది. పాస్టరుగారి ముఖం రాయిలా ఉండిపోయింది; కుడికాలు మాత్రం ముఖాన్ని సంప్రదించకుండా తాళం వేసింది. పాట ఆగాక ఆయన కళ్లు మూసుకుని కూర్చున్నారు. అయిపోయింది అనుకున్నాను.

“చూచితిరా?” అన్నారు కళ్లు తెరచి. “పరిశుద్ధమైన కీర్తనను పట్టుకుని లోకము ఎంత పాడుచేసినదో! తైతక్కలాడించారు. అయినను గ్లోరీ అన్న మాటను తీసివేయలేకపోయారు. అది మాత్రం దేవుడు కాపాడాడు.”

రెండు పుస్తకాలు, ఒక క్యాసెట్, రోజంతా రైలు, ఇన్నింటి సాక్ష్యంతో నేను తెచ్చిన అసలుని ఆయన నకలు చేశారు, నకలుని అసలు చేశారు. పండితులు పాతికేళ్లు కొట్టుకునే సమస్య పాస్టరుగారి కుర్చీలో నిమిషంలో తీరిపోయింది. అయితే ఆయనకూ ఒక చిన్న అనుమానం మిగిలింది.

“మీరు చదువుకున్నవారు. మీరే చెప్పండి. ఏది ముందు?”

కరుణమ్మ గోడమీది క్యాలెండరు చూస్తోంది. అది పోయిన నెలది. గ్రంథాలయంలో నేర్చినదంతా నాలుక చివరికి వచ్చి నిలబడింది. గాయకుడి పేరు, ఊరు, స్టూడియో, అన్నీ.

“ఈ ఊరికి ముందు వచ్చింది నెమ్మదిదేనండి, అయ్యగారూ” అన్నాను. ఇందులో ఒక్క మాట అబద్ధం ఉంటే చూపించండి.

“అయితే పందిటివారు కూడ మన వద్దనే ఎత్తుకున్నారు. ఇక దాచి ప్రయోజనము లేదు. మనది మనము పాడుకొనకపోతే మనదని ఎవరు అందురు? రేపు పాడండి. గట్టిగా పాడండి.”

గేటు దాకా వచ్చి కరుణమ్మ, “నువ్వు అంతా సెప్పీనేదు” అంది. అది మెచ్చుకోలో తిట్టో నాకు నేటికీ తెలియదు.

ఆదివారం ఆరాధన అయ్యాక సమాధుల దొడ్డికి వెళ్లాం. పట్టాలకు దగ్గర్లోనే ఉంది. రాయి నిలబెట్టారు, ‘శాంతరాజు’ అని తెలుగులో పేరు, కింద తేదీలు. ముప్పైమంది దాకా ఉన్నారు. కంచె అవతల సైకిల్ స్టాండు వేసి తివారీ నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే “నహీఁ, నహీఁ, ఇక్కడ బాగుంది” అన్నాడు. పాస్టరుగారు అతన్ని చూశారు. ఎత్తుకున్నవాడు తిరిగి ఇవ్వడానికి వచ్చాడని అనుకున్నారేమో, ఏమీ అనలేదు.

మొదట ఎవరూ అందుకోలేదు. అందుకోవడం ఎప్పుడూ శాంతరాజు పని. అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. కరుణమ్మ చీర చెంగు బొడ్లో దోపుకుని, రాయి మీద చెయ్యి వేసి, ఒక్కతే ఎత్తుకుంది. గొంతు మొదటి మాటకే చిట్లింది. ఆగి, మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి నిలబడింది. వెనక అందరూ కలిశారు. ఖనిజం బండి ఒకటి మూడు ఇంజన్లతో పోతుంటే దాని అదురుకు కాళ్లకింద నేల కంపించింది. పాట దానికంటే నెమ్మదిగా, దాని పక్కనే నడిచింది. నేను విన్న కవర్లన్నింటిలో తలుపు దగ్గర నిలబడినవాడు తొందరలో ఉన్నాడు. ఇక్కడివాడికి తొందర లేదు. డ్యూటీ దిగి వచ్చాడు, కూర్చుంటాడు.

నేను కరుణమ్మకు దగ్గరగా రికార్డర్ పట్టుకున్నాను కాబట్టి ఒక సంగతి నాకు మాత్రమే వినపడింది. అందరూ “గ్లోరీ” అంటున్నారు. కంచె అవతల ఒక్క గొంతు “గౌరీ” అంటోంది. చివరి పల్లవిలో కరుణమ్మ ఈ రెండూ అనలేదు. చాలా స్పష్టంగా, ఎవరి తలుపో తట్టినట్టు, “ఓపెన్ అప్, ఫ్లోరీ” అని పాడింది. పాడి, రాయి మీద రెండు వేళ్లతో ఒక్కసారే కొట్టింది.

సోమవారం తెల్లవారుజామున తిరుగు రైలెక్కాను. ఈసారి లోయలు ఎడమవైపు వస్తాయి కదా అని ఎడమ కిటికీ పట్టుకున్నాను. అరకు నుంచి మంచు పట్టి ఏమీ కనిపించలేదు. దారంతా పాత కవర్లు మళ్లీ విన్నాను. కుర్రాళ్లందరూ బాగానే పాడారు. కాని వాళ్లలో ఎవరూ తలుపు తీసే మనిషిని అడిగి పాడలేదని మొదటిసారి అనిపించింది. దీనిమీద వ్యాసం రాసి ఒక సంగీత పత్రికకు పంపితే, వేగం తప్పుగా వాయించడం కవర్ కిందికి రాదని జవాబిచ్చారు. వాళ్లు కిరండూల్ ఎప్పుడూ వెళ్లలేదు.

ఇక కృతజ్ఞతలు. చిరునామా చెప్పి పంపిన గార్డు అప్పారావుకు. ప్లేయరును బాగుచేయించకుండా కాపాడిన పట్నాయక్ గారికి, ఆ కాగితాన్ని తిప్పి పంపిన పేరు తెలియని అధికారికి. నీళ్లలో ఇనుము ఉచితంగా ఇచ్చిన లాడ్జి మేనేజరు సాహూకు. సమోసాలకు, కంచె అవతల నిలబడినందుకు తివారీజీకి. పాస్టరు ఆశీర్వాదం గారికి. ఆయన ఈ మధ్య బదిలీ అయి, కొత్త ఊళ్లో కూడా ఆ కీర్తన నేర్పిస్తున్నారట, అదే నెమ్మదితో. ఆయన వెళ్లాక “ఇప్పుడు రాసుకో” అని కబురు పెట్టిన కరుణమ్మగారికి. చివరగా, నేను చూడని శాంతరాజుగారికి. ఆయన పాట ఆయనకు ఏడాది ఆలస్యంగా అందింది. ఈ లైనులో అది మామూలే.